200 గజాల ఇంటి పెరట్లో మొదటిసారి కోళ్ళ గూడు: కట్టకముందే ప్లాన్ చూసి తప్పులు చెప్పండి

ఘట్‌కేసర్_సంధ్య (2 నవంబరు 2025, రాత్రి 9.40)

అందరికీ నమస్కారం. ఘట్‌కేసర్ దగ్గర 200 గజాల్లో ఇల్లు కట్టుకుని రెండేళ్ళయింది. ఇంటి వెనక 30 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు ఖాళీ జాగా ఉంది. ఒక మూల బోరు, ఇంకో మూల మునగ చెట్టు, మధ్యలో బట్టలారేసే తీగలు. అక్కడ ఆరు కోళ్ళు పెంచుకుందామని అనుకుంటున్నాం. గుడ్ల కోసమే, కోసుకోవడానికి కాదు.

మా అత్తయ్య నల్గొండ వైపు పల్లెలో కోళ్ళ మధ్యే పెరిగారు. నేను ఇంతవరకు కోడిని చేత్తో పట్టుకోలేదు. పిల్లలిద్దరూ అప్పుడే పేర్లు కూడా పెట్టేశారు.

ప్లాన్ ఇదీ: గూడు 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. రేకు కప్పు, చుట్టూ చికెన్ మెష్. దాని ముందు తిరగడానికి 4×6 అడుగుల జాలీ ఆవరణ. ఎండ తగలకుండా మునగ చెట్టు కింద, ఎడమ పక్కింటి ప్రహరీ గోడకు ఆనించి. ఒకరోజు వయసున్న కోడిపిల్లలు ఆరింటిని తెచ్చి అట్టపెట్టెలో బల్బు కింద పెంచాలని ఉంది. పుంజు లేకపోతే గుడ్లు పెట్టవని మా వారు, అక్కర్లేదని అత్తయ్య.

వెల్డింగ్ షాపులో ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదు. ఇచ్చేలోగా చెప్పండి.

మల్లేశ్_కరీంనగర్ (2 నవంబరు, రాత్రి 10.15)

అక్కా, చికెన్ మెష్ అనే మాట దగ్గరే ఆగండి. నేను చేసిన తప్పు అదే.

2022 వానాకాలంలో నేను కూడా ఆరు మూలల కళ్ళుండే ఆ సన్న తీగ జాలీయే కొట్టించాను. ఏడు పెట్టలుండేవి. రాత్రి అవి జాలీకి ఆనుకుని పడుకునేవి. ఒకరోజు పొద్దున ఐదింటికి వెళ్ళి చూస్తే రెండు చచ్చి పడి ఉన్నాయి, ఒకదానికి రెక్క మొదలంటా ఊడింది. జాలీ ఎక్కడా తెగలేదు, గడియ వేసింది వేసినట్టే ఉంది. పిల్లి బయట కూర్చుని, ఆ కళ్ళలోంచి పంజా పెట్టి అందిన కోడిని అందినట్టు లాగింది. జాలీకి ఈకలు, రక్తం అంటుకుని ఉన్నాయి. మా బాపు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఆ జాలీ కోడి బయటికి పోకుండా ఆపుతుంది. బయటిది లోపలికి రాకుండా ఆపలేదు. వీధికుక్క నాలుగు సార్లు పళ్ళతో గుంజితే విడిపోతుంది కూడా.

యాకూబ్_వెల్డింగ్ (2 నవంబరు, రాత్రి 11.02)

మల్లేశ్ అన్న చెప్పింది నిజం. నేను గేట్లు, గ్రిల్స్ చేస్తాను, ఈ మూడేళ్ళలో గూళ్ళు కూడా పాతిక దాకా చేసి ఉంటాను. అరంగుళం కళ్ళున్న వెల్డ్ మెష్, అంటే తీగలు కలిసే చోటల్లా వెల్డింగ్ చేసిన జాలీ తీసుకోండి మేడం. ఖరీదు ఎక్కువే. కానీ పిల్లి పంజా దూరదు, ఎలుక దూరదు, పాము కూడా కష్టం. డబ్బు తక్కువైతే కింద మూడు అడుగులకు అరంగుళం వేసి, పైన ఒక అంగుళం వేయండి. మొత్తం చికెన్ మెష్ మాత్రం వద్దు.

ఫ్రేముకు ఒక అంగుళం చదరపు పైపు చాలు. తలుపు ఫ్రేము లోపల కూర్చోకుండా బయట నుంచి అర అంగుళం కప్పేలా చేయించండి, సందు రాదు. మామూలు గడియ ఒకటే ఉంటే సరిపోదు. కుక్క మూతితో కొడుతూ ఉంటే అది మెల్లగా జరిగి ఊడుతుంది. గడియకు చిల్లు పెట్టి, అందులో కొక్కెం లేదా చిన్న తాళం పడేలా ఉండాలి.

గూటి కాళ్ళు రెండడుగులు ఎత్తు. కింద నుంచి గాలి పోతుంది, ఊడ్చుకోవచ్చు, ఎండాకాలం కోళ్ళు ఆ నీడలోనే పడుకుంటాయి. అడుగున ట్రే పెడితే బయటికి లాగి కడగొచ్చు. ట్రే లేకుండా చేయమన్నవాళ్ళు ఇద్దరు మళ్ళీ నా దగ్గరికే వచ్చి పెట్టించుకున్నారు.

ఆత్రేయపురం_రావు (3 నవంబరు, ఉదయం 6.10)

అమ్మాయ్ సంధ్యా, మీ అత్తగారి మాటే సరైనది. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజుతో పనిలేదు. ఆ గుడ్డు పొదగేస్తే పిల్ల రాదు, అంతే తేడా.

ఇంకో సంగతి. మునగ చెట్టు కింద పెట్టొద్దు. మునగ కొమ్మ పెళుసు, గాలివానకు మొదట విరిగేది అదే. రేకు మీద పడితే గూడు వంగిపోతుంది. పైగా వానలు మొదలయ్యాక మాను మీద గొంగళి పురుగులు గుట్టలుగా పడతాయి. ఆ నూగు పిల్లల చేతికి తగిలిందంటే దద్దుర్లే. చెట్టు నీడ మధ్యాహ్నం గూటి మీద పడేంత దూరంలో పెట్టుకో, సరిగ్గా దాని కింద వద్దు.

గూడు పొడుగు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు ఉదయం ఎండా, సాయంత్రం ఎండా పొట్టి వైపుల మీదే పడతాయి. పడమటి వైపు పూర్తిగా చెక్కతో మూసెయ్. మీ వైపు నైరుతి వాన జల్లు కొట్టేది కూడా అటు నుంచే కదా. ఉత్తరం, దక్షిణం పై సగం జాలీ. గాలి కోడి తల మీదుగా పోవాలి గానీ ఒంటి మీద కొట్టకూడదు.

కోడి నేల మీద పడుకోదు, ఎత్తు వెతుక్కుంటుంది. కూర్చోవడానికి రెండంగుళాల చదరపు కర్ర, అంచులు కాస్త చెక్కి గుండ్రం చేసి పెట్టండి. ఒక్కో కోడికి ఎనిమిది నుంచి పది అంగుళాలు. గుడ్ల పెట్టెలు ఆ కర్ర కంటే కిందుగా ఉండాలి. ఇది చాలామంది మర్చిపోతారు. పెట్టె ఎత్తుగా ఉంటే రాత్రి అందులోనే పడుకుని రెట్ట వేస్తాయి, పొద్దున గుడ్డు దాంట్లో దొర్లుతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు పెట్టెలు ఆరు కోళ్ళకు రెండు చాలు. రెండున్నా అన్నీ ఒక్కదానికోసమే కొట్టుకుంటాయి, కంగారు పడకు.

డాలస్_శ్రీలత (3 నవంబరు, ఉదయం 8.25)

సంధ్య గారూ, మేము డాలస్ శివారులో ఉంటాం. 2025 మార్చిలో ఇక్కడ డజను గుడ్ల సగటు ధర 6 డాలర్లు దాటింది. మా వీధిలో నలుగురు అప్పుడే కోళ్ళు మొదలుపెట్టారు, వాళ్ళలో మేమూ ఒకరం. సిటీ రూల్స్, ఆ తర్వాత హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) రూల్స్, రెండూ విడివిడిగా చదవాల్సి వచ్చింది. సిటీ ఒప్పుకున్నా హెచ్‌ఓఏ వద్దంటే అంతే సంగతులు. మా దగ్గర పెట్టలకు అనుమతి ఉంది, పుంజులకు లేదు. మీ కాలనీ అసోసియేషన్‌లో, మున్సిపాలిటీలో ముందే అడిగి పెట్టుకోండి.

నేను ఆన్‌లైన్‌లో రెడీమేడ్ గూడు కొన్నాను. పెట్టె మీద ఎనిమిది కోళ్ళకు అని రాసి ఉంది. బిగించి చూస్తే మూడింటికి సరిపోయింది. మొదటి వర్షానికే చెక్క ఉబ్బి తలుపు పట్టేసింది. అందుకని ఎవరో ఇచ్చిన లెక్క కాకుండా టేపు పెట్టి మీరే కొలవండి. గూట్లో ఒక్కో కోడికి కనీసం 2 చదరపు అడుగులు, ఆవరణలో 8 నుంచి 10. మీ 4×6 అంటే 24 అడుగులే. ఆరు కోళ్ళు రోజంతా అందులోనే ఉంటే నెలకల్లా ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటాయి.

ఇంకొకటి. ఇక్కడ ఏటా కోడిపిల్లల సీజన్‌లో సీడీసీ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) వాళ్ళు సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా గురించి హెచ్చరిస్తారు. పిల్లలు పేర్లు పెట్టారన్నారు కాబట్టి చెబుతున్నాను, ముద్దులు పెట్టనివ్వకండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి.

నైట్‌షిఫ్ట్_నర్సు (3 నవంబరు, మధ్యాహ్నం 2.50)

నేను కోళ్ళు పెంచను. పక్కింట్లో పెంచుతారు. అందుకే రాస్తున్నాను, ఆ వైపు నుంచి కూడా ఒక మాట వినాలి కదా.

రాత్రి డ్యూటీ చేసి ఉదయం ఎనిమిదింటికి ఇంటికొస్తాను. మా పడకగది కిటికీ కింద ప్రహరీకి ఆనించి వాళ్ళ గూడు. పుంజు తెల్లవారుజామునే కూస్తుందని అందరూ అనుకుంటారు, అది పగలంతా కూస్తుంది. ఈ రెండేళ్ళలో సరిగా నిద్రపోయిన రోజు గుర్తులేదు. వానాకాలంలో వాసన, ఈగలు. అన్నం కంచం మీద మూత తీయాలంటే భయం. వెళ్ళి చెబితే "పల్లెటూళ్ళలో అందరూ ఇలాగే ఉండరా" అన్నారు. మాటా మాటా పెరిగింది. ఇప్పుడు రెండిళ్ళ మధ్య పలకరింపు కూడా లేదు.

సంధ్య గారూ, మీరు కూడా ఎడమ పక్కింటి గోడకు ఆనించి అని రాశారు. ఆ గోడ అవతల ఏముందో ఒకసారి చూడండి.

ఘట్‌కేసర్_సంధ్య (3 నవంబరు, రాత్రి 10.05)

నర్సు గారూ, మీరు రాసింది చదివి మేడ మీదికెళ్ళి చూశాను. ఆ గోడ అవతల సరిగ్గా వాళ్ళ అమ్మగారు పడుకునే గది కిటికీ ఉంది. రెండేళ్ళుగా పక్కపక్కనే ఉంటున్నాం, ఇది నాకు తట్టనేలేదు. మీరు చెప్పకపోతే అక్కడే కట్టేసేదాన్ని. చాలా థ్యాంక్స్.

పుంజు ఆలోచన పూర్తిగా మానేశాం. గూడు కుడివైపుకు, బోరు దాటి మా వంటింటి కిటికీ ఎదురుగా మారుస్తున్నాం. వాసన వస్తే ముందు మాకే రావాలి. ఆవరణ 6×10 చేశాను, బట్టల తీగలు మేడ మీదికి పోతాయి.

వాసన గురించే టెన్షన్. రోజూ కడగాలా?

ఆత్రేయపురం_రావు (4 నవంబరు, ఉదయం 5.55)

కడగొద్దు తల్లీ. తడే వాసనకు మూలం. పొడి రెట్ట అంతగా కంపు కొట్టదు, ఈగ కూడా దాని మీద గుడ్డు పెట్టదు. తడిసిందంటే రెండో రోజుకే ముక్కు మండుతుంది.

ట్రేలో, ఆవరణలో వరిపొట్టు మూడు నాలుగు అంగుళాల మందాన పరువు. రెండు రోజులకోసారి చిన్న పారతో పైది కిందికి తిప్పు. తడి ఎంతుందో చూడటానికి మా నాన్న చేసే పద్ధతి ఒకటుంది. పొట్టు పిడికెడు తీసి గట్టిగా పిండి చెయ్యి తెరవాలి. ముద్దలా నిలబడితే తడి ఎక్కువైనట్టు, వెంటనే అది తీసేసి కొత్తది వెయ్యాలి. మెల్లగా విడిపోతే బాగున్నట్టు. అసలు అంటుకోకుండా దుమ్ములా ఎగిరితే మరీ ఎండిపోయినట్టు. నీళ్ళ గిన్నె చుట్టూ పొట్టే ముందు తడుస్తుంది. గిన్నెను ఇటుక మీద, కోడి వీపు ఎత్తుకు పెడితే కాళ్ళతో చిమ్మి తడపలేవు.

పశువైద్యం_రిటైర్డ్ (4 నవంబరు, ఉదయం 11.30)

నమస్తే. పశుసంవర్ధక శాఖలో పని చేసి రిటైరయ్యాను. గూడు గురించి మిగతావాళ్ళు బాగా చెబుతున్నారు, నేను కోళ్ళ గురించి చెబుతాను.

ఒకరోజు వయసు పిల్లలు ఆరు అన్నారు. ఆ వయసులో ఆడా మగా మామూలు కంటికి తెలియదు, కలిపే అమ్ముతారు. ఆరు తెస్తే సుమారు మూడు పుంజులవుతాయి. పుంజు వద్దనుకున్నాక ఆ మూడింటిని ఏం చేస్తారు? పైగా మొదటి వారం 35 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. కరెంటు పోయిన ఒక్క రాత్రి చాలు. మొదటిసారి కాబట్టి ఏడెనిమిది వారాలు పెంచిన పిల్లలనే కొనండి. అప్పటికి పుంజు తురాయి ఎర్రబడి పెద్దదవుతుంది, మీ అత్తగారే చూసి చెప్పగలరు.

ఏ రకం అంటే గుడ్లకు గ్రామప్రియ. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ తయారు చేసిన రకాలే వనరాజ, గ్రామప్రియ. గ్రామప్రియ పెరట్లో ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది. వనరాజ వంద దాటుతుంది గానీ ఒళ్ళు బరువు. కడక్‌నాథ్ (నల్లకోడి) పేరు చెప్పి ఎక్కువ ధర అడుగుతారు, గుడ్ల కోసమైతే దానికి పోవద్దు.

కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే వైరస్ జబ్బు) టీకా తప్పనిసరి. పట్నంలో ఆరు కోళ్ళకు ఏం రోగం వస్తుందిలే అనుకోకండి, వస్తే ఆరూ పోతాయి. మొదటి వారంలో లసోటా అనే టీకా కంటి చుక్క, నాలుగో వారంలో మళ్ళీ. ఎనిమిది వారాలు నిండాక అదే తెగులుకు ఆర్2బి అనే టీకా ఇంజెక్షన్. కొనేటప్పుడు చుక్కలు వేశారో లేదో అడగండి, చుక్కలు పడని పిల్లలకు నేరుగా ఆర్2బి వేస్తే ప్రమాదం. కోళ్ళ మశూచికి టీకా రెక్క పలుచటి చర్మంలో వేస్తారు.

ఆత్రేయపురం_రావు (4 నవంబరు, మధ్యాహ్నం 12.20)

డాక్టరు గారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, నాటు పెట్ట పేరే ఎత్తకుండా దాన్ని అలా తీసిపారేయకండి. ఏడాదికి యాభై, అరవై గుడ్లే పెడుతుంది, నిజమే. కానీ పొదుగుకు కూర్చుంటుంది, ఇరవై ఒక్క రోజులు లేవమన్నా లేవదు. పిల్లలను రెక్క కింద దాచుకుని గద్ద మీదికి ఎగురుతుంది. గ్రామప్రియ పొదగనైనా పొదగదు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, వాళ్ళు చూడాల్సింది అది కదా?

పశువైద్యం_రిటైర్డ్ (4 నవంబరు, మధ్యాహ్నం 1.05)

రావుగారూ, తీసిపారేయడం లేదు, మా ఇంట్లో పెరిగినవి కూడా నాటువే. కానీ పుంజు లేని ఇంట్లో ఆ పెట్ట ఉత్త గుడ్ల మీద కూర్చుంటుంది. తిండి తగ్గించుకుని నీరసిస్తుంది. అది చూసి పిల్లలు బాధపడతారు. మొదటి ఏడాది అంతా ఒకే రకం, ఒకే వయసు, ఒకేసారి తెచ్చుకోనివ్వండి. వేరు వేరు చోట్ల నుంచి తెచ్చి కలిపితే రోగాలు కలుస్తాయి, పోట్లాటలూ ఎక్కువే. రెండో ఏడాది నాటు పెట్టను తెచ్చి, పొదిగే గుడ్లు మీరే పంపండి.

ఆత్రేయపురం_రావు (4 నవంబరు, మధ్యాహ్నం 1.30)

ఆ మాట బాగుంది. ఒప్పుకుంటున్నాను. గుడ్లు నేనే పంపుతాను.

నైట్‌షిఫ్ట్_నర్సు (4 నవంబరు, సాయంత్రం 5.15)

బర్డ్ ఫ్లూ గురించి ఎవరూ అనలేదు. ఈ ఏడాది ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చింది కదా. ఇంటి కోళ్ళకు రాదా?

పశువైద్యం_రిటైర్డ్ (4 నవంబరు, రాత్రి 8.40)

మంచి ప్రశ్న అమ్మా. తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 అని అప్పుడు తేలింది. పెద్ద ఫారాలకైనా, పెరటి కోళ్ళకైనా వైరస్ ఒకటే. బయటి పక్షుల నుంచి వస్తుంది, మనుషుల చెప్పులకూ వాడిన ట్రేలకూ అంటుకుని కూడా వస్తుంది.

మీ చేతిలో ఉన్నవి ఇవి: ఆవరణ పై కప్పు కూడా జాలీతో మూయండి, కాకులు, పావురాలు దిగి మేత తినకూడదు. మేత ఆరుబయట చల్లొద్దు. గూటి దగ్గరికి వేరే చెప్పులు పెట్టుకోండి. చికెన్ షాపు నుంచి వచ్చి అవే చెప్పులతో గూట్లోకి వెళ్ళొద్దు. రెండు మూడు కోళ్ళు ఒకేసారి హఠాత్తుగా చనిపోతే చేత్తో తాకకుండా వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పండి. పాతిపెట్టడం, కోయడం చేయొద్దు. గుడ్డు పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించుకోండి.

మల్లేశ్_కరీంనగర్ (5 నవంబరు, ఉదయం 7.00)

పై కప్పు జాలీ అన్నారు కాబట్టి ఇంకో మాట. ముంగిస రాత్రి కాదు, పట్టపగలే వస్తుంది. అందరూ ఆఫీసులకు, బళ్ళకు పోయాక పదకొండింటికి వస్తుంది. రాత్రికి గూడు గట్టిగా కట్టి, పగటి ఆవరణ తేలికగా వదిలేస్తే అక్కడ దొరికిపోతాయి. పందికొక్కు భూమిలోంచి తవ్వుకుని వస్తుంది. నేనిప్పుడు ఆవరణ చుట్టూ బయటివైపు ఒకటిన్నర అడుగు వెడల్పు జాలీ నేల మీద పరిచి, దాని మీద తాండూరు బండల ముక్కలు పేర్చాను. ఇల్లు కట్టినప్పుడు మిగిలినవే. తవ్వబోయేది గోడ మొదట్లోనే మొదలుపెడుతుంది, జాలీ తగలగానే వదిలేస్తుంది. అప్పటి నుంచి ఒక్కటి కూడా పోలేదు.

ఘట్‌కేసర్_సంధ్య (21 డిసెంబరు 2025, రాత్రి 9.10)

గూడు అయింది. కోళ్ళు ఇంకా రాలేదు, కావాలనే తేలేదు.

మొత్తం 17,400 అయింది, ఎక్కువ భాగం వెల్డ్ మెష్‌కే. గూడు 4×4, రెండడుగుల కాళ్ళు. ఆవరణ 6×10, పైన కూడా జాలీ. యాకూబ్ భాయ్ చెప్పినట్టే ట్రే, కొక్కెంతో గడియ పెట్టించాం.

పోయిన ఆదివారం మా వారు పైపుతో పడమర నుంచి గూటి మీద అరగంట నీళ్ళు కొట్టారు, వాన పడితే ఎలా ఉంటుందో చూద్దామని. పైన చుక్క లోపలికి రాలేదు. కానీ నీళ్ళన్నీ ఆవరణలో ఈశాన్య మూలకు చేరి నిలబడ్డాయి. గంట తర్వాత చూసినా మడమ మునిగేంత ఉంది. ఎండాకాలంలో కోళ్ళు తెచ్చుకుని ఉంటే జూన్ దాకా ఇది తెలిసేదే కాదు. రెండు తట్టల మొరం పోసి ఎత్తు చేసి, ఇటుకలతో చిన్న కాలువ తీశాం. మళ్ళీ నీళ్ళు కొట్టాం, ఈసారి బయటికి పోయాయి. అప్పుడు వరిపొట్టు పోశాం.

ఎడమ పక్కింటికి వెళ్ళి గూడు ఎక్కడ పెట్టామో, పుంజు లేదని, వాసన వస్తే మొహమాటపడకుండా చెప్పమని చెప్పి వచ్చాం. ఆ పెద్దావిడ మా అత్తయ్యను కూర్చోబెట్టుకుని గంటసేపు కోళ్ళ కబుర్లే. వాళ్ళ ఊళ్ళో గంప కింద పిల్లలను మూసే పని చిన్నప్పుడు ఆవిడదేనట.

యాకూబ్_వెల్డింగ్ (21 డిసెంబరు, రాత్రి 10.30)

నీళ్ళు కొట్టి చూడటం చాలా మంచి పని మేడం. ఇక నుంచి నేను కూడా డెలివరీ ఇచ్చే ముందు ఇలా చేసి చూపిస్తాను. వెల్డింగ్ జాయింట్ల మీద రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే పూత) తర్వాత పెయింటు రెండో కోటు వేయించారా? వేయకపోతే రెట్ట తగిలే చోట ఆరు నెలల్లో తుప్పు పడుతుంది.

ఘట్‌కేసర్_సంధ్య (18 జనవరి 2026, రాత్రి 8.20)

రెండో కోటు పడింది భాయ్. ఏడు వారాల గ్రామప్రియ పిల్లలు ఆరు వచ్చాయి. చుక్కలు రెండుసార్లు వేశారట. అత్తయ్య ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని తురాయి చూసి, పుంజులనిపించిన రెండింటిని అక్కడే మార్పించారు.

మొదటి రోజు చీకటి పడేసరికి ఆరూ గూట్లోకి ఎక్కకుండా ఆవరణ మూలలో ఒకదాని మీద ఒకటి పడి ముద్దగా కూర్చున్నాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అత్తయ్య ఫోను లైటు నన్ను పట్టుకోమని, ఒక్కోదాన్ని రెండు చేతులతో రెక్కలు కలిపి పట్టుకుని, లోపల కర్ర మీద పెట్టారు. వేళ్ళు కర్ర చుట్టూ బిగించేదాకా చేయి తీయలేదు. రెండో రోజు కూడా అంతే. మూడో రోజు నాలుగు వాటంతటవే ఎక్కాయి. ఐదో రోజు ఒక్క కోడిని నేనే పట్టుకుని ఎక్కించాను. దాని గుండె నా అరచేతిలో టకటకా కొట్టుకుంది.

మేత విషయం అడగాలి. షాపతను లేయర్ మేతే ఇస్తానంటున్నాడు, ఇవ్వొచ్చా?

పశువైద్యం_రిటైర్డ్ (18 జనవరి, రాత్రి 9.00)

ఇప్పుడే వద్దమ్మా. లేయర్ మేతలో గుడ్డు పెంకు కోసం కాల్షియం ఎక్కువ, చిన్నవాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎనిమిది వారాల దాకా స్టార్టర్ (చిన్నపిల్లల మేత), తర్వాత గ్రోయర్ (ఎదిగే పిల్లల మేత), మొదటి గుడ్డు వచ్చాకే లేయర్. అప్పుడు రోజుకు ఒక్కోటి వంద గ్రాముల పైన తింటుంది, ఆరింటికి నెలకు 20 కిలోలు పెట్టుకోండి. నూకలు, జొన్నలు, ఆకుకూర కాడలు సాయంత్రం ఒక పిడికెడు చాలు, కడుపు వాటితోనే నింపొద్దు.

వచ్చే నెల మొదట్లో ఆర్2బి. అయితే ఒక ఇబ్బంది ఉంది. సీసా వంద, రెండు వందల డోసుల్లో వస్తుంది. కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి, మిగిలింది పనికిరాదు. చుట్టుపక్కల ఇంకెవరైనా కోళ్ళు పెంచుతున్నారేమో అడగండి.

ఘట్‌కేసర్_సంధ్య (9 ఫిబ్రవరి 2026, రాత్రి 9.30)

కాలనీ గ్రూపులో అడిగితే మా రెండు వీధుల్లోనే మూడిళ్ళలో కోళ్ళున్నాయని తెలిసింది. ఇన్నాళ్ళూ ఎవరికి వారే, ఎవరూ టీకా వేయించలేదు. నిన్న ఆదివారం ఉదయం ఏడింటికి అందరూ గంపల్లో, అట్టపెట్టెల్లో మా గేటు దగ్గరికి తెచ్చారు. మొత్తం 31. సీసా ఐసు వేసిన ఫ్లాస్కులో తెచ్చాం. పశువుల ఆసుపత్రిలో పనిచేసే ఆయన నలభై నిమిషాల్లో వేసేశారు. తర్వాత చేతులు కడుక్కోకుండా కళ్ళు రుద్దుకోవద్దన్నారు, ఈ టీకా వల్ల మనుషులకు కళ్ళు ఎర్రబడతాయట. ఎడమ పక్కింటి పెద్దావిడ కుర్చీ వేసుకుని కూర్చుని మా ఆరింటినీ ఒక్కోటీ ఆవిడే ఒళ్ళో పట్టుకున్నారు. మశూచి టీకాకు కూడా ఈ నాలుగిళ్ళ వాళ్ళం కలిసే వేయిస్తాం.

ఎండలు మొదలవుతున్నాయి. రేకు మీద సున్నం కొట్టాం. పైన తాటాకు కప్పితే ఇంకా చల్లగా ఉంటుందని అత్తయ్య అంటున్నారు. మా వైపు తాటాకు ఎక్కడ దొరుకుతుంది?

మల్లేశ్_కరీంనగర్ (9 ఫిబ్రవరి, రాత్రి 10.10)

అక్కా, షాపుల్లో వెతకొద్దు. భువనగిరి రోడ్డు పట్టుకుని కొంచెం ముందుకు పోతే తాటి వనాలుంటాయి. పొద్దున ఆరు, ఏడు మధ్యలో వెళ్ళి కల్లు గీసేవాళ్ళను అడగండి, ఈ నెలల్లో మట్టలు కొడతారు. పాతిక ఆకులైతే మీ గూటికి రెండు వరసలు వస్తాయి. ఒకరోజు ఎండలో పెట్టి, మీద బరువేసి చదును చేశాక కప్పండి, అంచులు పైకి లేవవు. జాలీ తీగతో గట్టిగా కట్టించండి, మార్చి గాలిదుమారానికి లేచిపోతాయి. మధ్యాహ్నం మేత పెట్టకండి, తెల్లవారుజామున ఒకసారి, పొద్దు గూకేముందు ఒకసారి. నీళ్ళకు మట్టి మూకుడు పెట్టి పూటకోసారి మార్చండి.